తోడేలుకు చెప్పిన మాట

తల ముందు పెట్టాలా, ఒళ్ళు ముందు పెట్టాలా తేలక జ్ఞానప్రసూన సూట్‌కేసు తెరిచి పెట్టుకుని చాలాసేపు నిలబడింది. తల అడుగున పెడితే చెవులు నలుగుతాయి. పైన పెడితే మూత పడదు. చివరికి తోడేలు ఒంటిని మడతలు వేసి, మధ్యలో గూడులా చేసి, అందులో తలను బోర్లా పెట్టింది. తోక మాత్రం ఎటు తోసినా బయటికి వస్తూనే ఉంది. దాన్ని ఓ పక్కగా దూర్చి, మోకాలితో మూత అదిమి జిప్పు లాగింది.

లాగిన తర్వాత మళ్ళీ తెరిచింది. దబ్బనాలు పెట్టిందో లేదో గుర్తు లేదు. పెట్టింది. గోధుమరంగు దారపు ఉండ, కత్తెర, ముసలమ్మ వేషానికి కట్టుకోవలసిన ముతక చీర, అన్నీ ఉన్నాయి. మూసింది. పొయ్యి ఆపిందో లేదో చూసి వచ్చింది. సూట్‌కేసు వీధి తలుపువైపు తిరిగి ఉందని దాన్ని ఇంటి లోపలివైపు తిప్పి పెట్టింది. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు. రేపు పొద్దున గంట దూరంలో ఉన్న కొండల్లో షూటింగు, సాయంత్రానికి ఇంట్లోనే ఉంటుంది. అయినా పెట్టె సర్దడమంటేనే ఆమెకు పడదు. భర్త పోయిన నాడు ఆయన బ్యాగు సర్ది ఇచ్చింది తనే. ఆయన గుమ్మం దాటే వేళకు తను స్నానాల గదిలో ఉంది. 'వెళ్ళిరండి' అనే మాట నోట్లోనే ఉండిపోయింది.

డాలర్ల దేశానికి వచ్చి, డబ్లిన్‌లో తెలుగువాళ్ళ జాకెట్లు వదులు చేసి, లంగాల ఎత్తు తగ్గించి బతికే మనిషికి బొచ్చు కుట్టడం ఇదే మొదటిసారి. పని తెచ్చింది స్మృతి. ఇక్కడే పుట్టి పెరిగి, సినిమా చదువు చదువుతున్న పిల్ల. బొచ్చు దుప్పట్లు రెండు తెచ్చి బల్లమీద పడేసి, "ఆంటీ, దీన్ని వుల్ఫ్ చేయాలి. భయం వేయాలి, నవ్వు కూడా రావాలి" అంది.

సినిమా కథ తెల్లదొరల నాటిది. గోదావరి పక్క ఊరికి వచ్చిన కలెక్టరు దొరను వేటలో తోడేలు కరుస్తుంది. అది మొదలు పున్నమి వస్తే చాలు, దొర తోడేలైపోయి ఊరిమీద పడతాడు. ఊరివాళ్ళు ముందు గోలపెడతారు. తర్వాత నిదానంగా ఆలోచిస్తారు. తోడేలైన దొర పున్నమికొక మేకను తింటున్నాడు. మనిషైన దొర శిస్తు కింద మందంతా తోలుకుపోతున్నాడు. అందుకని ఈయన ఎప్పటికీ తోడేలుగానే ఉండిపోవాలని ఊరంతా అమ్మవారికి మొక్కుకుంటుంది. ఆఖర్న మద్రాసు నుంచి పెద్దదొర తుపాకులతో దిగుతాడు. ఊరు తోడేలును గొడ్లదొడ్లో దాస్తుంది. ఒక ముసలమ్మ దొడ్డి తలుపు తీసి దాన్ని అడవిలోకి తోలేస్తుంది.

ముసలమ్మ వేషానికి ఎవరూ దొరకలేదు. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని తోడేలు కాలు కొలుస్తున్న జ్ఞానప్రసూన మీద స్మృతి చూపు పడింది. "మీకు ఒక్క లైన్ ఆంటీ. అంతే. 'పో. మళ్ళీ రాకు.'"

అప్పుడు తల ఊపింది. ఆ మాట ఎవరితో అనాలో అప్పటికి ఆలోచించలేదు.

తలుపు చప్పుడైంది. పై అంతస్తు కుర్రాడు శశికాంత్, సూట్‌కేసు కారులో పెట్టడానికి వచ్చాడు. తోడేలు వేషం అతనిదే. పొడుగ్గా, పల్చగా ఉంటాడు. సూర్యాపేట పక్క పిల్లవాడు, మాట ఆ పక్కదే.

"ఆంటీ, తోడేలు పండుకున్నదా?" అని సూట్‌కేసు మీద వేళ్ళతో తట్టాడు. "ఇంకా బొచ్చు రాలుతున్నదా? నిన్న తానం చేస్తె రెండు గుప్పిళ్ళు వచ్చింది నా ఒంటి మీదికెల్లి."

"రాలదు నాయనా, దగ్గర కుట్లు వేశాను. తిన్నావా?"

"తిన్న." గుమ్మం దగ్గర ఆగాడు. "మంగళారం రమ్మన్నరు ఆంటీ. ఫోన్ వచ్చింది."

ఎక్కడికని ఆమె అడగలేదు. అతని కుడి ప్యాంటు అంచు కింద, చీలమండ పైన ఉబ్బెత్తుగా ఉన్నదాని వంక చూసి చూపు తిప్పేసుకుంది.

*

శనివారం పొద్దున కొండల మీద గాలి పొడిగా వీస్తోంది. వాన వెనకబడి నెల దాటింది. గడ్డి ఎండి, కొండలన్నీ కోతకొచ్చిన చేల రంగు తిరిగాయి. అక్కడక్కడ నల్లటి ఓక్ చెట్లు. స్మృతి వెతికి వెతికి పట్టుకున్న రాంచ్ అది. ఆవుల కోసం కట్టిన పాత కర్ర దొడ్డి ఒకటి, రేకుల కొట్టం ఒకటి ఉన్నాయి. దొడ్డి మీద ఎండుగడ్డి కప్పి, వాకిట ముగ్గు వేసి దాన్ని గోదావరి పక్క ఊరు చేశారు.

కొట్టంలో శశికాంత్ స్టూలు మీద కూర్చుని కాలు చాపాడు. నడుముదాకా తోడేలు, పైన మనిషి. కుడికాలు మోకాలి కింద విప్పి ఉంది. చీలమండ చుట్టూ నల్ల రబ్బరు పట్టీ, దానికి సిగరెట్టు పెట్టె అంత నల్ల డబ్బా.

అతను చేరిన యూనివర్సిటీని జనవరిలో ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్లు మూసేశారు. అది చదువు చెప్పే చోటే కాదన్నారు. ఫీజు కట్టి చేరిన పిల్లల్ని పిలిచి, ప్రశ్నలడిగి, కొందరి కాళ్ళకు ఈ డబ్బా తగిలించి పంపారు. ఎక్కడికి పోయినా వాళ్ళకు తెలుస్తుంది. విప్పడానికి లేదు. తోడేలు కాలు కింద సన్నగా ఉండాలి కాబట్టి డబ్బా అందులోంచి దూరదు. వెడల్పు చేస్తే ఏనుగు కాలైంది. అందుకని జ్ఞానప్రసూన కుట్టు విప్పేసి, షూటింగు ఉన్న ప్రతిసారీ కాలిమీదే పెట్టి కుడుతోంది. సాయంత్రం కత్తిరిస్తోంది.

ఒంటిమీద బట్ట కుట్టకూడదు. కుట్టక తప్పనప్పుడు కుట్టించుకునేవాళ్ళు పళ్ళ మధ్య దారప్పోగు కరిచి పట్టుకోవాలి. ఆమె పోగు తెంపి అందించింది. శశికాంత్ నోరు తెరిచి బుద్ధిగా అందుకున్నాడు.

"గట్టిగా పట్టుకో. మాట్లాడకు."

"ఊఁ."

దబ్బనం బొచ్చులో దించి, వేలు అడ్డం పెట్టుకుని పైకి లాగింది. చర్మానికి తగలకుండా, డబ్బాకు తగలకుండా. రబ్బరు ఒరుసుకున్నచోట వెంట్రుకలు రాలిపోయి ఎర్రగా కమిలి ఉంది. బొచ్చు లోపలివైపు మెత్తటి గుడ్డముక్క మడిచి పెట్టింది.

కొట్టం గుమ్మంలో కరణం వేషంలో ఈశ్వరయ్య నిలబడి చూస్తున్నాడు. స్మృతి తాతగారు. మనవరాలి పట్టా పండగ చూడ్డానికి వచ్చి, తలపాగాలో ఇరుక్కున్నాడు. "తోడేలు దారం నములుతోందే! మేకలు దొరకలేదా పాపం?" అన్నాడు.

శశికాంత్ నవ్వబోయాడు. "పోగు!" అని జ్ఞానప్రసూన కసిరింది.

మొదటి సీనులో ఊళ నవ్వులపాలైంది. తోడేలు బండమీదికెక్కి, మెడ ఎత్తి, ఊరు దడుచుకునేలా ఊళ వేసింది. అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. సరిగ్గా అప్పుడు దాని కాలు 'కుయ్ కుయ్' మంది.

"కట్!" కెమెరా వెనకనుంచి స్మృతి స్నేహితుడు మానవ్ అరిచాడు. "బ్రో, బ్రిటిష్ టైమ్‌లో బ్యాటరీ లేదు!"

డబ్బాకు ఛార్జింగు అయిపోతే అలాగే మొత్తుకుంటుంది. పట్టించుకోకపోతే ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. కొట్టంలోంచి పొడుగాటి వైరు లాగి, బొచ్చు సందులోంచి కాలికి తగిలించారు. రెండు గంటలు పడుతుంది. తోడేలు గోడకు కట్టేసినట్టు కూర్చుని, తల తీసి పక్కన పెట్టి, పేపరు ప్లేటులో పులిహోర తిన్నది. దొర వేషం వేసిన తెల్ల కుర్రాడు రాన్ గొడుగు నీడలో మీసం అద్దుకుంటూ, ఎంతసేపని అడిగాడు. ఎవరో ఫోటో తీశారు. అందరూ నవ్వారు. శశికాంత్ కూడా నవ్వాడు. అతని చెంపలమీద చెమట ధారలు కట్టింది. జ్ఞానప్రసూన కొంగుతో తుడవబోయి, ఇంతమందిలో ఏం బాగుంటుందని చెయ్యి వెనక్కి తీసుకుంది.

మధ్యాహ్నం ఆమె వంతు వచ్చింది. ముతక చీర కట్టుకుని, నెత్తిన తెల్లపొడి చల్లించుకుని దొడ్డి దగ్గరికి వెళ్ళింది. తలుపు గడియ తీయాలి. తోడేలు వచ్చి ఎదురుగా నిలబడుతుంది. దాని తలమీద చెయ్యి వేయాలి. మాట అనాలి. అది కొండవైపు పోతుంది. అంతే.

గడియ తీసింది. తోడేలు వచ్చింది. అట్టతలలోని చిల్లుల్లోంచి శశికాంత్ కళ్ళు కనిపించాయి. తలమీద చెయ్యి వేసింది.

"పోయిరా నాయనా," అంది.

"కట్. ఆంటీ, 'పో. మళ్ళీ రాకు.' ఓకే?"

"ఓకే అమ్మా."

మళ్ళీ గడియ. మళ్ళీ చెయ్యి. "పో..." అంది. నాలుక అక్కడ ఆగింది. కెమెరా తనవంకే చూస్తోంది. ఏదో ఒకటి అనకపోతే బాగుండదు. "పోయిరా," అంది.

ఈశ్వరయ్య తలపాగా తీసి విసురుకుంటూ నవ్వాడు. "ప్రసూనమ్మా! తోడేలుకి రిటర్న్ టికెట్టు కూడా కొనిచ్చావేం తల్లీ?"

నవ్వుల్లో ఆమె కూడా నవ్వింది. సిగ్గుపడింది. నీళ్ళు తాగి, మాటను నోట్లో పదిసార్లు అనుకుని వచ్చింది. ఒంటరిగా గోడవైపు తిరిగి అంటే చక్కగానే వస్తోంది. తోడేలు ముందు నిలబడగానే చెయ్యి దాని నెత్తిమీద పడుతోంది, నోరు 'పోయిరా' అంటోంది. ఒకసారి 'జాగ్రత్తగా పోయిరా' అని కూడా అన్నది. ఎండ వాలిపోయింది. స్మృతి టోపీ తీసి గడ్డిలో కొట్టింది.

"రేపు," అంది.

*

ఆదివారం కూడా అంతే.

"డబ్ చేద్దాం," అన్నాడు మానవ్. "ఆంటీ వేరే ఏదైనా అననీ, తర్వాత వాయిస్ పెడదాం."

"లిప్స్ మ్యాచ్ అవ్వవు. ఇది క్లైమాక్స్ షాట్, మానవ్. ఇదే మూవీ." స్మృతి జ్ఞానప్రసూన ముందు గొంతుక్కూర్చుంది. కళ్ళలో నీళ్ళు వచ్చేలా ఉన్నాయి పిల్లకి. "ఆంటీ, ప్లీజ్. ఇది జస్ట్ యాక్టింగ్. తోడేలు ఫేక్. బొచ్చు ఫేక్. మాట ఫేక్."

"మాట ఫేక్ ఎట్లా అవుతుందమ్మా? నోరు నాదే కదా."

స్మృతికి అర్థం కాలేదు. మానవ్ వంక చూసింది. "రాంచ్ వాళ్ళు నెక్స్ట్ సాటర్డే వరకే ఇచ్చారు," అని లేచి వెళ్ళిపోయింది.

కొట్టంలో కాలి కుట్లు కత్తిరిస్తుంటే శశికాంత్ నోట్లో పోగు పక్కకు నెట్టి అన్నాడు, "నా కోసమేనా ఆంటీ?"

కత్తెర ఆగింది.

"ఎల్లుండి నువ్వు ఆ ఆఫీసుకు పోవాలి. ఇవ్వాళ నేను ఈ నోటితో 'మళ్ళీ రాకు' అని ఎట్లా అనేది? నెత్తిన చెయ్యి పెట్టి మరీ?"

"నాకు కాదు గదా. తోడేలుకి."

"దాని కళ్ళల్లో నువ్వే కనపడుతున్నావు."

అతను తన కాలివంక చూసుకున్నాడు. "ఏడాదిన్నరాయె ఈ దేశం వచ్చి. చదువుకున్నవా అంటే చదువుకోలే. కొలువు చేసినవా అంటే చేయనియ్యలే. ఈ సిన్మా ఒక్కటి చేసిన ఆంటీ. మొకం కనపడదు, సరే. పని కనపడ్తది గదా. ఇది కూడా సగంల పోతే..." తోడేలు తలను ఒళ్ళో పెట్టుకుని చెవులు సరిచేశాడు. "మంచిగ కుట్టిన్రు చెవులు," అన్నాడు.

*

మంగళవారం పొద్దున అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగేసరికి ఆమె వాకిట్లో నిలబడి ఉంది. తెల్లారకముందే లేచి స్నానం చేసింది, ఆ వేళకు లోపల ఉండిపోకుండా. "వెళ్ళిరా," అంది. అతను మెట్ల మలుపు తిరిగాక మళ్ళీ అంది. కారు కదిలాక కూడా అంది.

పదకొండింటికి రాధారాణి జాకెట్లు తెచ్చింది. పెద్ద ఇల్లు, పెద్ద గొంతు ఉన్న మనిషి. చేతులు చాపి కొలతలిస్తూ, "ఆ సినిమాలో తోడేలు కుర్రాడు ఆ కాలి టాగ్ పిల్లల్లో ఒకడట కదండీ?" అంది. "మీరు ఇంట్లోకి కూడా రానిస్తారట. ఏమోనండీ, అది దొంగ కాలేజీ అని తెలిసే చేరుంటారు వాళ్ళంతా. వీళ్ళ మూలంగా మన పిల్లలకు చెడ్డపేరు."

జ్ఞానప్రసూన నోట్లో గుండుసూదులున్నాయి. అవి ఉండటం మంచిదైంది. అవి లేకపోయినా ఏమీ అనేది కాదేమో. ఈ ఊళ్ళో సగం జాకెట్లు రాధారాణి మాటమీద వస్తాయి. "చెయ్యి కొంచెం ఎత్తండి," అని మాత్రం సూదుల సందులోంచి అంది. ఆమె వెళ్ళాక జాకెట్టు పక్కన పడేసి కిటికీ దగ్గర కూర్చుంది.

మూడు దాటాక కారు వచ్చింది. దిగుతున్నది అతనే. ఆమె తలుపు తీసి పెట్టింది. శశికాంత్ లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని, కుడి ప్యాంటు పైకి లాగాడు.

కాలు నున్నగా ఉంది. చీలమండ చుట్టూ తెల్లటి గీత, వడియాల గుడ్డమీద మిగిలిన మరకలాగ.

"తీసేశారా!"

"తీసేసిండ్రు."

ఆమె కింద కూర్చుని ఆ చోట వేళ్ళతో తడిమింది. కాలు పట్టుకుంటున్నదేమిటని అతను వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. "నా తండ్రే! నేను చెప్పలేదూ? దేవుడున్నాడు," అంది. కొబ్బరినూనె తెచ్చి రాసింది. టీ పెట్టింది. పాలు పొంగిపోయి పొయ్యి పాడైనా నవ్వింది. స్మృతికి ఫోను చేసి చెప్పింది. అడగకపోయినా ఈశ్వరయ్యకు చెప్పింది. చివరికి రాధారాణికి కూడా, జాకెట్టు సిద్ధమని చెప్పే మిషమీద చెప్పింది.

శశికాంత్ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆవిరి తగ్గేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పిల్లవాడు అలసిపోయాడనుకుంది. ఆఫీసులో ఏమన్నారని ఆమె అడగలేదు. కాలికి ఉన్నది ఊడింది. ఇంకా అడగవలసింది ఏముంటుంది?

ఆ సాయంత్రం తోడేలును బల్లమీద పడుకోబెట్టి, కుడికాలు మోకాలి కింద మెషీనుమీద కుట్టేసింది. ఒకటికి రెండు కుట్లు. ఇక ఒంటిమీద కుట్టే పని లేదు. పోగు కరిపించే పని లేదు. మెషీను టకటకలాడుతుంటే కూనిరాగం తీసింది. అట్లా తీసి ఎంతకాలమైందో ఆమెకే తెలియదు.

*

శనివారం కొట్టంలో శశికాంత్ కాలు ఒక్క ఊపున తోడేలు కాలిలోకి దూరిపోయింది. ఇద్దరికీ చేతులు ఖాళీ అయిపోయాయి.

"పోగు ఇయ్యరా ఆంటీ?" అన్నాడతను.

"ఇంక ఎందుకు నాయనా?"

అతను ఏదో అనబోయి, తోడేలు తలను ఎత్తి పెట్టుకున్నాడు.

కొండమీద ఎండ పచ్చగా కాస్తోంది. రాన్ పని అయిపోయి రాలేదు. ఈశ్వరయ్య ఈసారి జోకులు వేయలేదు. గొడుగు కింద కూర్చుని జపం చేస్తున్నట్టు పెదవులు కదిపాడు. స్మృతి గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఆంటీ, రెడీ?"

"రెడీ అమ్మా."

గడియ తీసింది. తోడేలు దొడ్డిలోంచి తల వంచుకుని వచ్చింది. ఎదురుగా నిలబడింది. చెయ్యి దాని నెత్తిమీద వేసింది. చిల్లుల్లోంచి కళ్ళు కనిపించాయి. ఈసారి భయం వేయలేదు. ఎందుకు వేస్తుంది? ఇతని కాలు ఇతనిది. సోమవారం వేరే కాలేజీకి రాస్తాడు, పై అంతస్తులో ఉంటాడు, బొచ్చు రాలిందని మెట్లమీద నిలబడి వెక్కిరిస్తాడు. మాటలు ఏం చేస్తాయి? ఇన్నాళ్ళూ పిచ్చిదానిలా ఈ పసిపిల్ల సినిమాను ఆపింది. వాళ్ళందరికీ బాకీ తీరుస్తున్నట్టుగా, గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"పో," అంది. గొంతు తనదిలా లేదు. గట్టిగా ఉంది. నెత్తిమీది చెయ్యి తీసి దాని భుజాన్ని నెట్టింది. అట్లా నెట్టమని స్మృతి చెప్పలేదు. "పో! మళ్ళీ రాకు!"

తోడేలు రెండడుగులు వెనక్కి వేసింది. ఒక్క క్షణం ఆమెవంకే చూసింది. తర్వాత తిరిగి, ఎండుగడ్డిలో వంగి పరిగెత్తింది. ఓక్ చెట్టు దగ్గర ఆగాలి. ఆగలేదు. చెట్టు దాటి, కంచె సందులోంచి దూరి, కొండ వాలు మీదికి ఎక్కిపోయింది. తోక గాలికి ఊగుతూ చిన్నదైపోయింది. మానవ్ కెమెరా ఆపకుండా అలాగే పట్టుకున్నాడు.

"కట్," అంది స్మృతి చాలాసేపటికి, మెల్లగా. తర్వాత అరిచింది. పరుగెత్తుకొచ్చి జ్ఞానప్రసూనను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. "ఆంటీ! ఆంటీ! ఐ గాట్ గూస్‌బంప్స్!" ఈశ్వరయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆమె నెత్తిమీది తెల్లపొడి అందరి బట్టలమీదా రాలింది.

తోడేలు దిగి రాలేదు. ఎంతకీ రాకపోయేసరికి, ఒళ్ళు విప్పించాలి కదా అని ఆమే కొండ ఎక్కింది. మోకాళ్ళు పట్టేశాయి. వాలు మధ్యలో శశికాంత్ తల తీసి పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కింద ఫ్రీవే మీద కార్లు చీమల బారులా పోతున్నాయి. పక్కన కూర్చుంది.

"బాగా వచ్చిందట," అంది ఆయాసపడుతూ. "ఇప్పటికైనా తృప్తేనా?"

"మస్తు వచ్చింది ఆంటీ." గడ్డిపోచ ఒకటి పీకి వేలికి చుట్టుకున్నాడు. "గురువారం ఫ్లైట్."

ఎవరికని ఆమె అడిగింది. అడిగిన తర్వాత అతని మొహం చూసింది.

"లాయర్ అన్నడు, కొట్లాడితె రెండేండ్లు పట్టొచ్చు, మూడేండ్లు పట్టొచ్చు అని. అన్ని దినాలు గా డబ్బా ఉంటదట. పని చేసుడు లేదు. ఎట్ల బతకాలె? నా అంతట నేనె పోత అని సంతకం పెట్టిన. పెట్టినంకనే విప్పిండ్రు."

గాలికి తోడేలు తలమీది బొచ్చు లేస్తోంది. ఆమె దాన్ని చేత్తో అణిచి పట్టుకుంది.

"మంగళవారం చెప్పలేదేం?"

"చెప్తె మీరు గా మాట అంటుంటిరా?"

ఆమె బొచ్చులో చిక్కుకున్న గడ్డిపరకను లాగింది.

"సిన్మా మాట ఆంటీ. తోడేలుకన్నరు. నాకు తగలదు." ఆమె చెయ్యి తీసుకుని తన నెత్తిమీద పెట్టుకున్నాడు. "మళ్ళ అప్లై చేస్త. ఫస్ట్ షో టైముకు ఇక్కడుంట, చూడున్రి."

ఆమె వేళ్ళకు అతని జుట్టు తడిగా తగిలింది. మాట కోసం వెతికింది. వారమంతా వద్దన్నా నోటికి వచ్చిన మాట ఇప్పుడు ఎక్కడా దొరకలేదు. కింద నుంచి స్మృతి చేతులూపి పిలుస్తోంది. మెషీను కుట్టు గట్టిది. ఎండలో ఉబ్బిన కాలు అందులోంచి రాలేదు. అక్కడే కూర్చుని కత్తెరతో ఒక్కొక్క కుట్టే కోసింది.

*

గురువారం పొద్దున మానవ్ కారు తెచ్చాడు. శశికాంత్‌కు ఉన్నది ఒకటే పెట్టె. జ్ఞానప్రసూన అందులో చిన్న పొట్లం పెట్టింది, దారపు ఉండా రెండు సూదులూ, దారిలో గుండీ ఊడితే ఉంటాయని. పెట్టె వీధివైపు ఉంటే ఇంటి లోపలివైపు తిప్పింది. అతను నవ్వి, పెట్టె ఎత్తుకున్నాడు.

వాకిట్లో నిలబడి "పోయిరా" అంది. మెట్ల దగ్గర అంది. కారు తలుపు వేస్తుంటే అంది. అద్దం దించించి మళ్ళీ అంది. మానవ్ తల పక్కకు తిప్పుకున్నాడు. కారు మలుపు తిరిగాక కూడా చెట్టు నీడలో నిలబడి అంటూనే ఉంది. ఎన్నిసార్లు అంటే ఒక్కసారి అన్నది చెరుగుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అక్టోబరులో సినిమాను కమ్యూనిటీ హాల్లో వేశారు. జనం బాగా వచ్చారు. రాధారాణి ముందు వరసలో కూర్చుంది. తోడేలు వచ్చినప్పుడల్లా పిల్లలు అరిచారు, పెద్దలు నవ్వారు. చివర ముసలమ్మ తోడేలును నెట్టి "పో! మళ్ళీ రాకు!" అన్నప్పుడు హాలంతా చప్పట్లు మోగాయి. పక్కావిడ జ్ఞానప్రసూన చెయ్యి నొక్కింది. పేర్లు పడ్డాయి. 'తోడేలు: శశికాంత్' అని పడింది. పేర్ల పక్కనే, తప్పిపోయిన షాట్లన్నీ వరసగా అతికించి వేసింది స్మృతి. తెరమీద జ్ఞానప్రసూన గడియ తీసి, తోడేలు నెత్తిన చెయ్యి వేసి 'పోయిరా నాయనా' అంది. మళ్ళీ తీసి 'పోయిరా' అంది. మళ్ళీ 'జాగ్రత్తగా పోయిరా' అంది. సినిమా మొత్తం మీద జనం అన్నిటికంటే ఎక్కువగా నవ్వింది అక్కడే. రాధారాణి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

శశికాంత్ రెండుసార్లు వీసాకు వెళ్ళాడు. రెండుసార్లూ ఇవ్వలేదు. అతను వెళ్ళింది రెండువేల పదకొండు జూన్ తొమ్మిదో తారీఖు, గురువారం. మళ్ళీ రాలేదు.